సీసపు ఘటం కథ

తెలుగు పండితుడికి సీసమనగానే ముందు పద్యమే స్ఫురిస్తుంది. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో ఓ మూల కూర్చున్న బరువైన పెట్టెలో ఉన్నది మాత్రం లోహపు సీసం. పదవీ విరమణ తరువాత మా ఇంట దాని బాగోగులు నా వంతుకు వచ్చాయి. అందువల్లనే దాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను.

1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకుల నడుమ రబ్బరు పట్టీలు ఉంచి, చాపలా చుట్టి, నీరు కలిపిన గంధకికామ్లంలో ముంచాడు. 1800 నాటి వోల్టా ఘటం ఒకసారి ఉడిగితే అంతే. ఇది మాత్రం మళ్లీ మళ్లీ శక్తి పుంజుకునేది. అయితే రేకులు గుల్లబారి పనికి రావాలంటే నెలల తరబడి విద్యుత్తును ఎక్కిస్తూ దించుతూ ఉండవలసివచ్చేది. అప్పటికి డైనమోలు వాడుకలోకి రాలేదు గనుక, ఆ ఎక్కించడానికీ వేరే ఘటాలే దిక్కు!

1881లో కమీల్ ఫోర్ సీసపు రేకులకు సిందూరం ముద్దను పట్టించాడు. అవును, సంస్కృత నిఘంటువుల్లో సిందూరమంటే ఎఱ్ఱని సీస భస్మమే. దానితో నెలల శ్రమ తప్పింది. ఆ ఏడే ఫోర్ ఘటాల పెట్టె ఒకటి పారిస్ నుంచి గ్లాస్గోకు, తరువాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ వద్దకు ప్రయాణం చేసింది. విద్యుత్తును పెట్టెలో పెట్టి దేశాలు దాటించడం ఆనాడు ఎంత వింతో ఊహించండి.

నా దృష్టిలో అసలు మలుపు 1882. గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే ఇద్దరు రసాయనజ్ఞులు, విద్యుత్తు దిగేకొద్దీ రెండు పలకలూ సీసపు సల్ఫేటుగా మారతాయని తేల్చారు. మన పాఠ్యపుస్తకాలు దీన్ని సంచాయక ఘటమన్నాయి గాని, ఇందులో సంచయమయ్యేది విద్యుత్తు కాదు, రసాయన శక్తి. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు సన్నని పలుకులుగా ఉండి, ఛార్జి చేయగానే కరిగి వెనక్కు మళ్లుతుంది. వారాల తరబడి అలాగే వదిలితే పలుకులు పెద్దవై, గట్టిపడి, ఇక కరగవు. చాలా బ్యాటరీలు వృద్ధాప్యంతో గాక ఇలా ఆకలితోనే చస్తాయి. కరెంటు వచ్చిన వెంటనే పూర్తిగా ఛార్జి కానివ్వాలనడానికీ, అడుగంటా వాడరాదనడానికీ కారణమిదే.

ఛార్జి ముగింపు దశలో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. ఆమ్లం మాత్రం మిగిలే ఉంటుంది. కాబట్టి మట్టం తగ్గితే పోయవలసింది స్వేదన జలం మాత్రమే. ఆమ్లం గాని కుళాయినీరు గాని కాదు. పలకలు గాలికి బయటపడకుండా చూడాలి. ఆ గదికి గాలి వెలుతురు ఉండాలి, దగ్గర నిప్పు పనికిరాదు. మన ఎండలకు దాన్ని నీడన ఉంచడం మరీ అవసరం, వేడి దాని ఆయుష్షును హరిస్తుంది.

అకాలంగా చచ్చిన బ్యాటరీ ఎక్కడో కొలిమికి చేరుతుంది. సరైన జాగ్రత్తలు లేని చోట్ల ఆ సీసపు పొగ, ధూళి ముందుగా దెబ్బతీసేది చుట్టుపక్కల పసిపిల్లల మెదళ్లనే. పాతది తూకానికి అమ్మేటప్పుడు ఎవరి చేతికి ఇస్తున్నామో అడగడం మంచిది.

అన్నట్టు, మూత బిగించి అమ్మే కొత్త రకాలకు నీళ్ల బెడద లేదు. ఖాళీగా పడి ఉంటే సల్ఫేటు గట్టిపడే జబ్బు మాత్రం వాటికీ ఉంది.