పసుపు దీపం కథ



గడచిన కార్తీకంలో ఒక ఉదయం అన్నోజిగూడ నుండి ఉప్పల్ వెళ్తుండగా, నారపల్లి దాటకముందే మా కారు వణకసాగింది. స్టీరింగు వెనుక పలకపై ఇంజను బొమ్మ గల పసుపు దీపం కాసేపు మిణుకుమిణుకుమని, తరువాత నిలకడగా వెలిగింది. దారిలోని ఒక మెకానిక్ షెడ్డులో బ్యాటరీ తీగ ఊడదీసి మరల బిగించారు. దీపం ఆరింది. "అయిపోయింది సార్" అన్నారు. మూడవనాడు అది మరల వెలిగింది. ఈసారి ఇంజను విప్పాలన్నారు. ముప్పై నాలుగేళ్ళు వ్యాకరణం చెప్పినవాణ్ణి; సూత్రమేదో తెలియకుండా ప్రయోగాన్ని దిద్దడం నాకు మింగుడు పడదు. అసలీ దీపం ఎందుకు పుట్టిందో తెలుసుకోబోయాను. తెలిసిన సంగతి నన్ను ఆశ్చర్యపరచింది: అది కారు యజమాని కోసం పుట్టినది కాదు!

1943 జూలైలో లాస్ ఏంజెలిస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్మింది. అవి యుద్ధపు రోజులు. శత్రువులు విషవాయువు వదిలారేమోనని కొందరు భయపడ్డారు. తరువాత నేరం కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారంపై పడింది. దాన్ని ఆపించినా పొగ మళ్ళీ వచ్చింది. అసలు నిదానం చేసినవాడు అనాసపండు పరిమళంపై పరిశోధన చేస్తున్న హాగెన్-స్మిట్ అనే డచ్చి దేశపు రసాయనవేత్త. కార్ల గొట్టాల నుండి వచ్చే పూర్తిగా కాలని ఇంధనపు ఆవిరి, నత్రజని ఆక్సైడులు ఎండ తగిలి ఈ పొగగా మారుతున్నాయని 1950ల తొలినాళ్ళలో ఆయన తేల్చాడు. 1967లో కాలిఫోర్నియా తన వాయు వనరుల మండలిని ఏర్పరచుకోగా, దానికి తొలి అధ్యక్షుడు ఆయనే.

అటుపై పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్లు, ఇంధనాన్ని కొలిచి పోసే కంప్యూటర్లు కార్లలోకి వచ్చాయి. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. శుద్ధియంత్రం చెడినా కారు నడుస్తూనే ఉంటుంది. యజమానికి తెలియదు, ఊరి ఊపిరితిత్తులకు మాత్రం తెలుస్తుంది. అందుకే కారు తన తప్పు తానే చెప్పుకోవాలని కాలిఫోర్నియా 1988 నుండి నియమం పెట్టింది.

దీపం అంతకు ముందే ఉంది. 1981లో జనరల్ మోటార్స్ కార్లలో రెండు కొనలను తీగతో కలిపితే ఆ దీపమే మినుకులతో సంకేతం చెప్పేది. ఒక మినుకు, విరామం, రెండు మినుకులు అయితే పన్నెండు. కాని ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క భాష. ఒకరి సంకేతం మరొకరి పరికరానికి అందదు. పత్రికకొక ఫాంటు ఉండి, ఒకచోటి తెలుగు ఇంకొకచోట చిత్రాక్షరాలైన రోజులు మనం మరువగలమా? మనకు యూనికోడ్ చేసిన ఉపకారాన్ని కార్లకు ఓబీడీ-2 చేసింది. 1996 నుండి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే పదహారు సూదుల సాకెట్టు, ఒకే సంకేత భాష. ఉద్గారాలు పరిమితికి ఒకటిన్నర రెట్లు మించే ప్రమాదముంటే దీపం వెలగాలన్నది అక్కడి నియమం.

మన దేశంలో 2010 ఏప్రిల్ 1న హైదరాబాదుతో సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 ప్రమాణాలు అమలయ్యాయి. వాటితో ఓబీడీ తొలి దశ, 2013 ఏప్రిల్ నుండి రెండవ దశ వచ్చాయి. మా కారు 2014 నాటిది. అంటే లాస్ ఏంజెలిస్ పొగలో మొదలైన కథ వరంగల్ రోడ్డు మీద మా ఇంటి ముంగిటికి వచ్చిందన్నమాట.

సరే, పనిలోకి దిగాను. స్టీరింగు కింది సాకెట్టులో చిన్న బ్లూటూత్ పరికరం గుచ్చి, ఫోనులో చదివితే పి0303 అని వచ్చింది. విగ్రహవాక్యం చెబుతాను. పి అంటే ఇంజను, గేరుబాక్సు విభాగం; సున్నా అంటే కంపెనీలన్నిటికీ ఉమ్మడి సంకేతం; తరువాతి 3 జ్వలనానికి సంబంధించినది; చివరి 03 మూడవ సిలిండరు. మూడవ సిలిండరులో ఇంధనం సరిగా మండటం లేదు.

కాని సంకేతం రోగలక్షణాన్ని చెబుతుందే గాని కారణాన్ని చెప్పదు. ప్లగ్గా? కాయిలా? ఇంజెక్టరా? ఇంజను చల్లారాక, పదో నంబరు పానాతో రెండవ, మూడవ సిలిండర్ల కాయిళ్ళను తారుమారు చేశాను. సంకేతం చెరిపి ఘట్‌కేసర్ దాకా వెళ్ళివచ్చాను. ఇప్పుడు పి0302! కాయిలు వెంట జబ్బు కదిలింది. దోషి దొరికినట్లే. కొత్త కాయిలు బిగించాను, ఇంజను విప్పనక్కరలేకపోయింది.

నా డబ్బు మిగిలినందుకు సంతోషమే. కాని ఆ మూడు రోజులూ మండని పెట్రోలును గొట్టంలోకి వదులుతూ, దీపం ఆరిందిగదా అని నిశ్చింతగా తిరిగిన సంగతి బాధిస్తూనే ఉంది. ఆ ఇంధనం కన్వర్టరులో మండి దానినే పాడుచేయగలదు. దీపం మిణుకుమనడం అందుకు హెచ్చరిక అట. నిలకడగా వెలిగితే త్వరగా చూపించుకోమని, మిణుకుమిణుకుమంటే వేగం తగ్గించి ఆపుకోమని అర్థం. నాకది తెలియలేదు.

బ్యాటరీ తీగ ఊడదీస్తే ఆరేది దీపమే, దోషం కాదు. విద్యార్థి తప్పును రబ్బరుతో చెరిపేసి మార్కులు వేసినట్లుంటుంది ఆ వైద్యం. మన ముందున్న ఆ దీపం మన వెనుక నడిచేవాళ్ళ కోసం వెలుగుతున్నది.