అక్షరమా, ఆకృతా? – సంస్థలలో తెలుగు దత్తాంశ నిల్వ, వినిమయం, రక్షణ: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
తెలుగు పాఠం కంప్యూటర్లలోకి ప్రవేశించిన తొలి దశాబ్దాలలో పత్రికలు, ముద్రణాలయాలు, కార్యాలయాలు అధికభాగం అక్షరాన్ని కాక దాని ఆకృతిని నిల్వ చేశాయి. ఈ ఎంపిక ముద్రణకు ఉపకరించింది గాని, వినిమయానికీ దీర్ఘకాలిక రక్షణకూ ఆటంకమైంది. ఇస్కీ ప్రమాణం, డి.టి.పి. ఖతులు, రోమన్ లిప్యంతరీకరణ, యూనికోడ్ అనే నాలుగు పద్ధతులను పోల్చి, పాఠం నిలవడానికి దాని సంకేత నియమం బహిరంగంగా ఉండడమే ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెలుగు దత్తాంశం, ఇస్కీ, యూనికోడ్, ఖతి, లిప్యంతరీకరణ, పాఠ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితునికి లిపిజ్ఞానం, భాషాజ్ఞానం ఉంటే పాఠం చేతికి అందుతుంది. కంప్యూటర్‌లో నిల్వ ఉన్న పాఠానికి ఈ రెండూ చాలవు. యంత్రం అక్షరాలను సంఖ్యలుగా మాత్రమే దాచుకుంటుంది. ఏ సంఖ్య ఏ అక్షరానికి సంకేతమో తెలిపే పట్టిక లభించనప్పుడు, దస్త్రం చెక్కుచెదరకుండా ఉన్నా పాఠం మాత్రం అందదు. తెలుగులో ఈ పట్టిక ఎవరి అధీనంలో ఉంది, అందువల్ల ఏ పాఠాలు మిగిలాయి అన్న ప్రశ్నలు సాంకేతిక నిపుణులకు మాత్రమే పరిమితమైనవి కావు. 1990ల నాటి తెలుగు సమాజాన్ని, సాహిత్యాన్ని అధ్యయనం చేసే పరిశోధకుల ఆకరాలు వీటితో ముడిపడి ఉన్నాయి.

2. ఇస్కీ: ఉమ్మడి పట్టిక

1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో 128 స్థానాలున్నాయి. అవి రోమన్ లిపికి, అంకెలకు, విరామ చిహ్నాలకు, నియంత్రణ సంకేతాలకు సరిపోయాయి. భారతీయ లిపుల కొరకు 1980లలో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ చేపట్టిన కృషి, భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఆమోదించిన ఇస్కీతో ఒక రూపానికి వచ్చింది. 256 స్థానాలలో మొదటి సగాన్ని ఆస్కీకి విడిచి, రెండవ సగాన్ని బ్రాహ్మీ నుండి పుట్టిన భారతీయ లిపులకు కలిపి కేటాయించడం దీని విశిష్టత. తెలుగు ‘క’కూ, కన్నడ, దేవనాగరి లిపులలోని ‘క’కారాలకూ సంఖ్య ఒక్కటే: 179. ఏ లిపిలో చూపాలో వేరొక సంకేతం తెలుపుతుంది.

ఇస్కీ నిల్వ చేసినది వర్ణక్రమాన్ని. ‘ష్ణ’లోని ణ-వత్తు ఏ ఆకారంలో, ఎక్కడ కనిపించాలన్నది తెరపై చూపే వ్యవస్థ చూసుకోవలసిన పని. భాషాశాస్త్ర దృష్ట్యా ఇది సమంజసమైన విభజన. అయితే ఆ పని చేయడానికి నాటి సాధారణ యంత్రాలకు జిస్ట్ వంటి ప్రత్యేక పరికరం అవసరమైంది. ఆకర్షణీయమైన పుట కూర్పు ఆశించిన ముద్రణారంగం మరో దారి పట్టింది.

3. డి.టి.పి. ఖతులు: ఆకృతి నిల్వ

పేజ్‌మేకర్ వంటి పుట కూర్పు సాఫ్ట్‌వేర్లు రోమన్ లిపి కొరకు తయారైనవి. వాటికి సంయుక్తాక్షరాలను కూర్చడం తెలియదు. ఖతుల నిర్మాతలు తెలుగు లిపిని ముక్కలుగా విడదీసి, తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలైన వాటిని రోమన్ అక్షరాల స్థానాలలో ఉంచారు. ఈ ముక్కలు పక్కపక్కన చేరి కాగితంపై తెలుగు అక్షరాలయ్యేవి. సీసపు అచ్చు కూర్పుకు అలవాటుపడిన ముద్రణాలయాలకు ఈ పద్ధతి కొత్తగా తోచలేదు. అక్షరం ముక్కలను పేర్చడం వారికి తెలిసిన పనే.

అయితే ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్న ఉమ్మడి ఒప్పందం లేదు. ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క పట్టిక. దిన పత్రికలు తమ జాలస్థలులకు సైతం సొంత ఖతులను వాడాయి. ఒక సంస్థ దస్త్రాన్ని మరొక సంస్థ తెరిస్తే, ఆ ఖతి లేనిచోట పొంతనలేని రోమన్ అక్షరాలు మాత్రమే కనిపించేవి. అన్వేషణ, అకారాది క్రమం వంటి పనులు కూడా యంత్రానికి సాధ్యం కాలేదు. పదసూచిక, నిఘంటువు, పద పౌనఃపున్య గణన వంటి పనులకు ఈ నిల్వ నేరుగా పనికిరాలేదు. అచ్చయిన పుట మాత్రమే లక్ష్యంగా ఉన్న కాలంలో ఇది లోపంగా కనిపించలేదు. పాత సంచికలను తిరిగి వాడవలసి వచ్చినప్పుడే నష్టం బయటపడింది.

4. రోమన్ లిప్యంతరీకరణ: బహిరంగ నియమం

ఇదే కాలంలో ప్రవాస తెలుగువారి మధ్య మరొక పద్ధతి రూపొందింది. 1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. విధానం, చిన్న, పెద్ద రోమన్ అక్షరాల భేదంతో న-ణ, ల-ళ వంటి వర్ణాలను వేరుచేసింది. యూజ్‌నెట్ చర్చావేదికలలో తెలుగు రచనల వినిమయానికి ఇది ఆధారమైంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు కూడా తెలుగు కూర్పును వ్యక్తులకు అందుబాటులోకి తెచ్చాయి.

ఆర్.టి.ఎస్. పాఠం చూపుకు తెలుగులా ఉండదు. కానీ అందులో నిల్వ అయినది వర్ణక్రమం. దాని నియమం అందరికీ తెలిసినది. కనుక ఆనాటి పాఠాన్ని నేడు యూనికోడ్‌లోకి మార్చడం సులభం. కంటికి ఇంపైన ఖతి పాఠం కంటే రోమన్ పాఠమే సురక్షితంగా నిలవడం ఈ చరిత్రలో గమనించదగిన విషయం.

5. యూనికోడ్: స్థిరత్వ సూత్రం

1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు 128 స్థానాలు లభించాయి. వాటి అమరికకు 1988 నాటి ఇస్కీ ఆధారం. ఇందులో ‘క’ సంఖ్య 3093. ‘కృష్ణ’ అన్న పదం 3093, 3139, 3127, 3149, 3107 అనే ఐదు సంఖ్యలుగా నిల్వ అవుతుంది. వీటిలో 3149 పొల్లుకు సంకేతం. అయితే ప్రమాణం పుట్టగానే వాడుక రాలేదు. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు ఆదరువు చేరింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. పత్రికల ఖతి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ కూడా ఆయన రూపొందించినదే. 2009లో కేంద్ర ప్రభుత్వం ఇ-పాలనలో భారతీయ భాషలకు యూనికోడ్‌ను ప్రమాణంగా ప్రకటించింది.

ఒకసారి కేటాయించిన అక్షరాన్ని తొలగించరాదు, వేరొక సంఖ్యకు మార్చరాదు అన్నది యూనికోడ్ విధానం. నేటి పాఠం రేపటికీ చదువదగినదిగా ఉండడానికి ఈ హామీ మూలం. స్థిరత్వంతో పాటు విస్తరణకూ తావుంది. 2008లో ౘ, ౙలు, 2014లో ప్రాచీన శాసనాలలోని ఴ, 2015లో ౚ, 2021లో నకారప్పొల్లు ఇందులో చేరాయి. శాసన పాఠాన్ని యథాతథంగా నిల్వ చేయదలచిన పరిశోధకునికి ఈ చేర్పులు అవసరమైనవి.

6. రక్షణ సమస్యలు

యూనికోడ్‌తో సమస్యలన్నీ తీరలేదు. అనుస్వారం (3074), తెలుగు అంకె సున్న (3174) చూపుకు దాదాపు ఒకటే. ‘పండు’లో మొదటిదానికి బదులు రెండవది పడితే పాఠకుడు గుర్తించడు, యంత్రం మాత్రం దాన్ని వేరే పదంగా లెక్కిస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదాలలో పొల్లును విడిగా చూపే అదృశ్య సంకేతం ఉండడం, లేకపోవడం వల్ల కూడా ఒకే పదం రెండుగా నమోదవుతుంది. పాత ఖతుల నుండి మార్పిడి చేసిన పాఠాలలో పొరపాట్లు నిశ్శబ్దంగా చేరతాయి. వీటిని లేఖక దోషాల వలెనే పరిష్కర్త పరిశీలించాలి.

పుటలను చిత్రాలుగా నిల్వ చేయడం వేరొక మార్గం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు గ్రంథాలను ఇలా భద్రపరచింది. అనంతర కాలంలో ఆ జాలస్థలి అందుబాటులో లేకపోయినా, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న ప్రతుల వల్ల గ్రంథాలు నిలిచాయి. ఒక తాళపత్ర గ్రంథం పలు ఊళ్లలో ప్రతులుగా నిలిచిన తీరు ఇక్కడ స్ఫురిస్తుంది. అయితే చిత్రంలోని అక్షరాలను అన్వేషించడం నేరుగా కుదరదు.

7. ముగింపు

పై పరిశీలన మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, తెలుగు దత్తాంశ నష్టానికి యంత్రాల శిథిలత్వం ఒక్కటే కారణం కాదు. సంకేత పట్టికలు ఒక్కొక్క సంస్థకు పరిమితం కావడం అంతకంటే బలమైన కారణం. రెండవది, వర్ణక్రమాన్ని నిల్వ చేసిన పద్ధతులు తరం మారినా నిలిచాయి. ఆకృతిని నిల్వ చేసినవి ఖతితో పాటు మరుగున పడ్డాయి. మూడవది, బహిరంగ ప్రమాణం, పలుచోట్ల ప్రతులు, పాఠ పరిశీలన – ఈ మూడూ కలిస్తేనే రక్షణ.

2009 నాటి యు.జి.సి. నిబంధనల అనంతరం విశ్వవిద్యాలయాల సిద్ధాంతగ్రంథాలు శోధగంగలో చేరుతున్నాయి. పాత ఖతులలో కూర్చిన తెలుగు సిద్ధాంతగ్రంథం అక్కడ చదవడానికి కనిపిస్తుంది గాని, అందులోని పదం వెతికితే దొరకదు. యూనికోడ్ మూలపాఠాన్ని కూడా సమర్పించే నియమాన్ని తెలుగు శాఖలు ఏర్పరచుకుంటే, నేటి పరిశోధన రేపటి పరిశోధకునికి ఆకరంగా అందుతుంది. 1990ల నాటి ఖతి దస్త్రాలు, వాటి పట్టికలు తెలిసినవారు అందుబాటులో ఉన్న ఈ కాలంలోనే వాటి మార్పిడిని చేపట్టడం అత్యవసరం.