వక్రరేఖకు దొరికిన సమీకరణము

మోటారు కారు పైకప్పును ఒకసారి చేతితో నిమిరి చూడుడు. ఆ నునుపు వేళ్లకు తెలియును గాని దానిని మాటలలో చెప్పుట కష్టము. అంకెలలో చెప్పుట మరింత కష్టము. ఓడలు కట్టువారు పూర్వము ఈ చిక్కును కొయ్యబద్దతో తీర్చుకొనిరి. విశాలమైన కొట్టముల నేలపై సన్నని బద్దను వంచి, అది కదలకుండ అక్కడక్కడ సీసపు బరువులుంచి, దాని వెంబడి గీత గీయుచుండిరి. బద్ద తనంత తాను వంగిన వంపే ఓడ వంపు. అందు సమీకరణము లేదు. ఉన్నది పనివాని కన్ను.

మోటారు పరిశ్రమకు ఇది చాలలేదు. చిత్రకారుని బొమ్మ ఒకటి, ప్లాస్టరు నమూనా మరియొకటి, దానిని చూచి చెక్కిన ఉక్కు అచ్చు వేరొకటి. మెట్టు మెట్టునకు వంపు కొంత మారుచుండెను. ఏది అసలు రూపమని వాదము వచ్చినచో తీర్పు చెప్పగల దేదియు లేదు. 1950 దశకమున అంకెలచే నడుచు మిల్లింగు యంత్రములు రాగా, వంపును అంకెలలో చెప్పక తప్పని దయ్యెను.

ఫ్రాన్సులోని సిట్రోయెన్ సంస్థలో 1958లో పాల్ ద కాస్తెల్జో అను యువ గణితవేత్త చేరెను. మరుసటి యేట ఆయన వ్రాసిన నివేదికలోని ఉపాయమును మన ఇంటనే పెన్సిలుతో పరీక్షింపవచ్చును. నాలుగు బిందువులు పెట్టి వరుసగా మూడు గీతలతో కలుపుడు. ఆ గీతల నడిమి బిందువులను గుర్తించి రెండు గీతలతో కలుపుడు. ఆ రెండింటి నడిమి బిందువులను ఒక గీతతో కలుపుడు. ఈ చివరి గీత నడిమి బిందువు మనకు కావలసిన వక్రరేఖపై నుండును. సగమునకు బదులు అన్నింటను పావు, అన్నింటను ముప్పావు అని భాగము మార్చుచు పోయినచో రేఖ యావత్తు వచ్చును. ఒక బిందువును జరిపినచో రేఖయు ఒద్దికగా అటు వంగును.

సగము దగ్గర లెక్క కట్టినచో మొదటి నాలుగు బిందువుల పాళ్లు ఎనిమిదింట 1, 3, 3, 1 అని తేలును. ఈ పాళ్ల నిచ్చు ప్రమేయములు క్రొత్తవి కావు. సెర్గీ బెర్న్‌స్టయిన్ 1912లో ఒక శుద్ధ గణిత సిద్ధాంతమును నిరూపించుటకు వానిని వాడెను. కార్ల తలపు ఆయనకు లేదు.

సిట్రోయెన్ ఆ నివేదికను రహస్యముగా దాచెను. ఇంతలో రెనో సంస్థలో, 1910లో పుట్టిన ఇంజనీరు పియేర్ బెజియే వేరు దారిని అదే రేఖకు చేరెను. ఆయన పని 1960 దశకమున ప్రకటితమై, లోకము దానికి బెజియే రేఖ యని పేరు పెట్టెను. రెండును ఒకటే యని, మూలము బెర్న్‌స్టయిన్ ప్రమేయములే యని 1970 దశకమున గాని స్పష్టము కాలేదు. బెజియే ఎవరి సొత్తును హరింపలేదు. ఆయనను తప్పుపట్టుట తగదు. కాని పోటీదారునకు దక్కరాదని దాచినది పోటీదారు స్వయముగా కనుగొనెను. నష్టపోయినది మొదట కనుగొన్నవాడే. లెక్కకట్టు పద్ధతికి మాత్రము కాస్తెల్జో పేరు నిలిచినది. బెజియే 1999లోను, కాస్తెల్జో 2022లోను మరణించిరి.

ఈ రేఖ తరువాత అక్షరములలోనికిని ప్రవేశించెను. 1984 నాటి పోస్ట్‌స్క్రిప్టు భాష అక్షరముల అంచులను నాలుగు బిందువుల రేఖలతోనే గీసెను. గుండ్రని మన లిపికి ఇది ఎంతయు అనుకూలము. అయినను ఒక వింత కలదు. ఈ ప్రమేయములు సంపూర్ణ వృత్తమును గీయలేవు! నాలుగు ముక్కలు కూర్చి గీసినచో తేడా వ్యాసార్ధమున పదివేలింట మూడు పాళ్లకు లోపే యుండును. తెరపై మన సున్న గుండ్రముగా కనబడుట, ఆ కొంచెపు తేడాను కన్ను పట్టలేకపోవుట చేతనే.