ఎవరి హద్దు? ఎవరికి దిగ్భ్రాంతి? – తెర మీద రాళ్ల చరిత్ర

కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసేచోట నిలబడితే అవతల మహారాష్ట్ర సిరోంచ. ఇవతల ముక్తేశ్వరుడి గుడి, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఈ ఒడ్డున పుట్టిన మాకు హద్దు అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. రాష్ట్రాల హద్దు నీళ్లలో ఉంటే, కులం హద్దు ఊరికీ వాడకూ నడుమ ఉంది. అందుకే 'హద్దులు చెరిపిన సినిమాలు' అనే మాట విన్నప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే. ఎవరి హద్దు?

మన సినిమా విమర్శకు నగ్నత్వం, నెత్తురు, బూతు మాత్రమే దిగ్భ్రాంతి. కానీ ఈ దేశంలో తెర ముందు రేగిన తొలి అలజడుల్లో ఒకటి కులం గురించి. జె.సి. డేనియల్ తీసిన మలయాళ తొలి మూకీ 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ యువతిగా నటించింది. తిరువనంతపురంలో ఆట పడినప్పుడు అగ్రకుల ప్రేక్షకులు తెర మీదికి రాళ్లు రువ్వారు. రోజీ ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. ఆమె చేసిన నేరం బట్టలు విప్పడం కాదు, పెద్ద కులం బట్టలు కట్టుకోవడం!

తెలుగులో అటువంటి అలజడి 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల'తో వచ్చింది. అప్పటికి రెండేళ్ల ముందే, 1936లో, తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడింది. ఆ ఏడాదే అంబేద్కర్ 'కుల నిర్మూలన' అచ్చయింది. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, చల్లపల్లి జమీందారు పెట్టుబడి, సంపలతగా కాంచనమాల. బ్రాహ్మణ యువకుడు, మాలపిల్ల ప్రేమించుకోవడమే కథ. తిట్టుగా వాడే కులం పేరును గోడల మీద సినిమా పేరుగా రాయడమే అప్పటికి పెద్ద సాహసం. దాన్ని కాదనలేం. అయితే కథ, కెమెరా, డబ్బు మూడూ వాడ బయటివే. సినిమా ఎవరి మనసు మార్చాలనుకుంది? శాస్త్రిగారి మనసు. ఆ సినిమా చూసొచ్చి బ్రాహ్మణులు స్నానాలు చేశారని నేటికీ చెప్పుకుంటారు. చూసొచ్చిన వాడ మనుషులు ఏమనుకున్నారో మాత్రం ఎవరూ చెప్పరు. దిగ్భ్రాంతి చెందే హక్కు కూడా పై కులాలదే అయింది.

1977లో మృణాల్ సేన్ తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. దానికి మూలం ప్రేమ్‌చంద్ 'కఫన్'. ఆ కథలో చమార్లయిన తండ్రీకొడుకులను మానవత్వం లేని సోమరులుగా చూపాడని హిందీ దళిత రచయితలు గట్టిగా నిలదీశారు. సేన్ ఆ సోమరితనాన్ని తిరుగుబాటుగా మలిచాడు. ఎంత చేసినా దొరే తింటాడు కాబట్టి చెయ్యనే చెయ్యం అంటారు వాళ్లు. వాదన బాగానే ఉంది. కానీ ఆ సమ్మె సాగేది కోడలు నీలమ్మ రెక్కల కష్టం మీద. చివరికి ఆమె పురిటి నొప్పులతో చచ్చిపోతుంది. మగవాళ్ల తిరుగుబాటు ఖర్చు ఆడమనిషి చెల్లించడం మన ఉద్యమాలకు తెలియని సంగతా?

శ్యామ్ బెనెగల్ తెలంగాణ పల్లెలో నడిపిన 'అంకుర్' (1974) నేను యూనివర్సిటీకి వచ్చాకే చూశాను. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. దొర కొడుకు లక్ష్మిని వాడుకుని వదిలేయడం, ఆమె మొగుణ్ణి కొరడాతో కొట్టడం చూసి తోటి విద్యార్థులు నోట మాట లేకుండా కూర్చున్నారు. సెలవులకు ఇంటికి పోయి అదే సినిమా మా అవ్వకు చూపించిన. "గిండ్ల కొత్తేమున్నది బిడ్డా, గడిల సూడందా?" అన్నది. కానీ చివర్ల పిలగాడు దొర ఇంటి మీదికి రాయి విసిరితే లేచి కూసున్నది. "ఎవల కొడుకురా వాడు?" అని అడిగింది. క్యాంపస్‌ను కదిలించింది కొరడా. అవ్వను కదిలించింది రాయి.

దాని తర్వాతి రాయి నదికి అవతలి భాషలో పడింది. నాగరాజ్ మంజులే మరాఠీ 'ఫండ్రీ' (2013) చివర, పందిని పట్టే కుటుంబంలోని పిలగాడు జబ్యా, ఏడిపించేవాళ్ల మీదికి విసిరిన రాయి నేరుగా కెమెరా మీదికి వస్తుంది. తెర నల్లబడుతుంది. మంజులే వడార్ కులస్తుడు. మన వడ్డెరల మాదిరే రాళ్లు కొట్టి బతికిన కులం. 'అంకుర్'లో రాయి దొర మీద పడుతుంది, ప్రేక్షకుడు క్షేమంగా చప్పట్లు కొట్టొచ్చు. 'ఫండ్రీ'లో ఆ సౌకర్యం లేదు. టికెట్టు కొని కూర్చున్నవాడే ముద్దాయి. రోజీ మీదికి ప్రేక్షకులు విసిరిన రాయి ఇన్నాళ్లకు తెర లోపలి నుంచి తిరిగొచ్చింది.

కనుక సినిమా ఎంత దిగ్భ్రాంతి కలిగించింది అని కొలవడం సరిపోదు. కెమెరా ఎవరి చేతిలో ఉంది, దెబ్బ ఎవరికి తగిలింది, మన బాధ ఎవరికి పాఠమయింది అన్నది తేల్చాలి. 'మాలపిల్ల'ను, 'అంకుర్'ను మన అవ్వలు, తాతలు ఎట్లా చూశారో వాళ్ల నోటనే విని రాసుకోవాల్సిన పని మనదే. ఆ తరం వెళ్లిపోతోంది. విద్యార్థి మిత్రులారా, ఈ సెలవుల్లోనే ఇంటికి పోయి అడగండి.