మనసు బాగోలేదా? ఒకసారి థైరాయిడ్ కూడా చూపించండి

ఎప్పుడూ నవ్వుతూ తిరిగే కోడలు కాన్పయిన నాలుగైదు నెలలకు మూలన కూర్చుంటుంది. ఊరికే ఏడుస్తుంది, బిడ్డను ఎత్తుకోవడానికీ ఓపిక లేదంటుంది. ఇంట్లోవాళ్లు ‘సాయా పడింది’ అని తావీజ్ కట్టిస్తారు. కొందరు ‘బద్ధకం’ అని తిడతారు. అసలు కారణం మెడ ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి కావచ్చు.

ఈ గ్రంథి హార్మోను తగ్గితే దిగులు, మతిమరుపు, అతినిద్ర వస్తాయి. ఒళ్లు బరువెక్కడం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, జుట్టు రాలడం తోడవుతాయి. హార్మోను ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, గుస్సా, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. కాన్పు తర్వాత కొందరికి ముందు ఎక్కువై, తర్వాత తగ్గుతుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1949లో లండన్ డాక్టర్ రిచర్డ్ ఆషర్ 14 మంది గురించి రాశారు. వాళ్లకు మతి చలించింది, కారణం థైరాయిడ్ లోపం. థైరాయిడ్ మందు ఇస్తే ఎక్కువమంది కోలుకున్నారు.

మిగతా గ్రంథులూ మనసును కదిలిస్తాయి. అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ ఎక్కువగా వదిలితే దిగులు, చిరాకు వస్తాయి. స్టెరాయిడ్ మాత్రలు వాడినా అలా జరగొచ్చు. పారాథైరాయిడ్ వల్ల రక్తంలో కాల్షియం పెరిగితే నీరసం, అయోమయం కలుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లకు చక్కెర బాగా పడిపోతే చెమటలు పట్టి, మాట తడబడి, ఒక్కసారిగా కోపం వస్తుంది. అప్పుడు వెంటనే తీపి ఇవ్వాలి.

అలాగని మానసిక జబ్బులన్నీ గ్రంథుల వల్లే రావు. తేల్చేది రక్తపరీక్షే. ముందు టీఎస్‌హెచ్, అవసరమైతే టీ4 చూస్తారు. ఇందల్వాయి వాళ్లు నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్‌కు చూపించుకోవచ్చు.

థైరాయిడ్ అని తేలినా, అప్పటికే వాడుతున్న మనసు మందులను సొంతంగా ఆపకండి. డోసు సరిపోయిందో లేదో తెలియాలంటే 6 నుంచి 8 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, నీళ్లతోనే వేసుకోవాలి. రంజాన్‌లో సహరీకి అరగంట నుంచి గంట ముందు వేసుకోవచ్చు, లేదా ఇఫ్తార్ తిన్న మూడు నాలుగు గంటలకు, పడుకునే ముందు. ఏది మంచిదో ముందే డాక్టర్‌ను అడగండి.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే రిపోర్టు కోసం ఆగొద్దు. ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలీమానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. దువా చేయండి, దవా కూడా ఇప్పించండి.