మాడ్యూలు కథ



బీజగణితమున మాడ్యూలు అను భావన యెట్లు పెరిగినదో, అందు మన దేశీయుల పాలెంతయో నేడు సంగ్రహముగ మనవి చేసెదను.

ఒక సముదాయమందలి వస్తువులను తమలో తాము కూడవచ్చును, తీసివేయవచ్చును. బయటి సంఖ్యలచే గుణింపవచ్చును. ఆ సంఖ్యలలో సున్న గాని ప్రతిదానిచేతను భాగింప వీలున్నచో అది సదిశాంతరాళము. భాగహారమును విధింపక విడిచినచో మాడ్యూలు. 1871లో జర్మను పండితుడు డెడెకిండు కూడిక తీసివేతలకు చెదరని సంఖ్యాసముదాయమునకు ఈ పేరు పెట్టెను. 1921లో ఎమ్మీ నోయెతరు అను విదుషి దానిని వలయములన్నింటి మీదికిని వ్యాపింపజేసెను.

భాగహారము లేకపోవుటచేతనే మాడ్యూళ్లలో జాతులేర్పడినవి. ఆధారము గలది, అనగా కొన్ని మూలవస్తువులనుండి ప్రతి వస్తువును ఒకే విధమున కూర్ప వీలైనది, స్వతంత్రము. తనలో సున్న గాక మరియొక చిన్న మాడ్యూలు లేనిది సరళము. ఇక మూడవ జాతికి ఓరుగల్లు శ్రోతలు ఎరిగిన దృష్టాంతమే కలదు. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభముల గుడిలో శివ, విష్ణు, సూర్యుల ఆలయములు మూడును ఒక్క మండపమునందే కలియును. అట్లే సున్నయందు మాత్రము కలియు భాగములుగా స్వతంత్ర మాడ్యూలును విడదీసినచో ఒక్కొక్క భాగము ప్రక్షేప మాడ్యూలు.

ఆ భాగమును స్వతంత్రమేనా? కానక్కరలేదు. ఆరుచే భాగింపగా మిగులు శేషముల గణితమును చూడుడు. 0, 2, 4 ఒక భాగము. 0, 3 వేరొకటి. అచ్చట స్వతంత్రమగుటకు 6, 36, 216 ఇట్లు వస్తువులుండవలెను; మూడే గలది స్వతంత్రము కాజాలదు.

మరి బహుపదుల వలయము మీదనో? 1955లో ఫ్రెంచి పండితుడు సెర్ ఈ ప్రశ్న వేసెను. 1958లో బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన సి. ఎస్. శేషాద్రి, చరరాశులు రెండైనప్పుడు స్వతంత్రమేయని నిరూపించెను. చరరాశులెన్నియైనను అంతేయని 1976లో క్విల్లెను, సుస్లిను వేర్వేరుగ తేల్చిరి.

శేషాద్రిగారితో కలిసి పరిశోధించిన సి. ముసిలిగారు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులై, 1992లో వలయములు, మాడ్యూళ్లపై పాఠ్యగ్రంథము ప్రకటించిరి. అది ఆంగ్లమున నున్నది. మహావీరాచార్యుని గణితమును పావులూరి మల్లన పూర్వమే తెలుగు పద్యములలోనికి తెచ్చియుండెను. కావున కొరత భాషది కాదు, పూనికది అని నా తలంపు. గ్రామపాఠశాలలో చదివిన బాలునికి ఈ భావము తన మాటలలో అందినగాని, శాస్త్రము మనదైనదని నేను చెప్పజాలను.