డబ్బా మీద ఆరు చుక్కలు

నేను ఇంకా వృత్తిలో ఉన్న రోజుల్లో, దమ్మపేట వైపు అటవీ గ్రామం నుండి ఒక వృద్ధురాలు తన మనుమరాలిని సత్తుపల్లికి తీసుకువచ్చింది. ఆ బాలికకు పుట్టుకతోనే చూపు లేదు. అంధుల పాఠశాలలో చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చింది. రెండు సీసాల మందు ఇచ్చి, "తెల్ల మూత సీసా పొద్దున, ఎర్ర మూత సీసా రాత్రి" అని అలవాటుగా చెప్పాను. నాయనమ్మ తెల్లవారకముందే కూలికి పోతుంది. "డాక్టర్ గారూ, ఎర్ర మూత నా చేతికి ఎట్ల తెలుస్తది?" అని ఆ పిల్ల అడిగింది. అన్నేళ్ల వైద్యంలో ఆ ప్రశ్న నాకు తట్టకపోవడం నా లోపమే. ఆ రోజుకు రాత్రి సీసాకు రబ్బరు బ్యాండు చుట్టి పంపి, తరువాత ఆ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను.

అంధుల కోసం పుట్టిన తొలి పుస్తకాలు చూపున్నవారి అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసినవి. పారిస్‌లో అంధబాలల పాఠశాల నెలకొల్పిన వాలెంటిన్ హావీ 1786లో అటువంటి గ్రంథం వెలువరించాడు. పిల్లలు వాటిని వేలితో మెల్లగా చదవగలిగేవారు. కాని తమంతట తాము ఆ అక్షరాలు రాసుకోవడం దుర్లభం. అచ్చుయంత్రం లేనిదే ఒక మాట పుట్టదు. తరువాత చార్లెస్ బార్బియే పన్నెండు చుక్కల పద్ధతిని తెచ్చాడు. అది శబ్దాలను మాత్రమే సూచించేది, పైగా దాని గడి వేలికొన కిందికి ఒక్కసారిగా ఇమిడేది కాదు.

ఆ పాఠశాలలోనే చదివిన లూయిస్ బ్రెయిలీ గుర్రపు జీనులు కుట్టేవాని కుమారుడు. 1812లో, మూడేళ్ల వయసులో, తండ్రి పనిశాలలో ఆరె వంటి మొనగల పనిముట్టు గుచ్చుకొని కన్ను పోయింది; రెండవ కన్ను కూడా దాని వెంటే పోయింది. 1824 నాటికి, పదిహేనేళ్లకే, అతడు చుక్కలను ఆరుకు తగ్గించాడు. 1829లో ఆ పద్ధతిని ప్రకటించాడు. ఇందులో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ చుక్కలను పిల్లవాడు స్వయంగా గుచ్చగలగడం. గళ్ల పలక, స్టైలస్ అనే చిన్న మొన, దళసరి కాగితం చాలు. గుచ్చేటప్పుడు కుడి నుండి ఎడమకు తిరగేసి రాయాలి. కాగితం తిప్పితే ఎడమ నుండి కుడికి చదవవచ్చు. ఫ్రాన్సు దీనిని అధికారికంగా స్వీకరించింది 1854లో, అంటే అతడు మరణించిన రెండేళ్లకు.

మన దేశంలో తొలి అంధుల పాఠశాల 1887లో అమృత్‌సర్‌లో వెలిసింది. ఆ తరువాత చాలాకాలం ఒక్కొక్క ప్రాంతానిది ఒక్కొక్క లిపి. 1951లో భారతి బ్రెయిలీ వచ్చి, భాష ఏదైనా ఒకే ధ్వనికి ఒకే గుర్తు అన్న నియమం పెట్టింది. తెలుగు 'క' అయినా హిందీ 'క' అయినా ఒకటవ, మూడవ చుక్కలే. మన గుణింతాలు, వత్తులు ఇందులో వరుసగా విడిపోతాయి. 'పాలు' అంటే ప, ఆ, ల, ఉ అని నాలుగు గడులు. 'ఉప్పు'కు అయిదు గడులు. ఒత్తక్షరానికి ముందు ఒక చుక్క గుర్తు వస్తుంది. అయిదు గడులకు సుమారు 3 సెంటీమీటర్ల చోటు కావాలి, అది ఏ డబ్బాకైనా ఉంటుంది.

చూపున్న పిల్లవాడు బడికి వెళ్లకముందే బస్సు బోర్డు, బిస్కెట్ పొట్లం, గోడ మీది ప్రకటన చూస్తూ అక్షరాలతో పరిచయం పెంచుకుంటాడు. చూపు లేని పిల్లకు పాఠ్యపుస్తకం మూస్తే ఇల్లంతా ఖాళీ పేజీ. అందుకే డబ్బాల మీది పేర్లు అలంకారం కాదు, అవి ఆమెకు వీధిబోర్డులు. ఐరోపా సమాఖ్య 2004లో చట్టాన్ని సవరించి మందు పెట్టెపై పేరు బ్రెయిలీలో ఉండాలని నిర్దేశించింది. అడవి అంచున ఉన్న ఇంట్లో మాత్రం ఆ పని ఇంటివారే చేసుకోవాలి. కాగితపు చుక్కలు తడిచేతికి అణిగిపోతాయి. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క మీద గుచ్చి టేపుతో అంటిస్తే నిలుస్తాయి. మూత మీద కాక డబ్బా ఒంటి మీద అంటించాలి, మూతలు మారిపోతాయి కనుక. పేరు పెద్దలు రాసి ఇవ్వకుండా పిల్లచేతనే గుచ్చించాలని నా అభిప్రాయం.

తరువాతి సెలవులకు ఆ బాలిక మళ్లీ వచ్చినప్పుడు నా దగ్గరి పాత ఫిల్మ్‌లు కొన్ని ఇచ్చాను. తన పలకతో మందు సీసాలకు పేర్లు గుచ్చి, అవి అయ్యాక ఇంట్లోని ఉప్పు, పంచదార, కారం డబ్బాలకు కూడా అంటించిందట. చింతపండు డబ్బాకు మాత్రం వద్దన్నదట, దానికి వాసనే చాలునని.